ఉప్పునీటి చేపల తొట్టెలో పాకుడు: నత్తలా, స్కిమ్మరా, గొట్టమా?

రాళ్ల మీద ఆకుపచ్చ పాకుడు వెంట్రుకల్లా వేలాడటం మొదలవగానే షాపువాళ్లు ముందు అంటగట్టేది నత్తల్ని. ట్రోకస్ నత్త నిజంగానే పనిమంతురాలు. అద్దం, రాయి గీకి తింటుంది, వెల్లకిలా పడినా తనంతట తాను లేస్తుంది. ఆస్ట్రేయా అనే రకం నత్తలకు చాలాసార్లు ఆ లేవడం చేతకాదు, ఇసుకలో పడి అలాగే చచ్చిపోతాయి. కానీ ఏ నత్త తిన్న పాకుడైనా తొట్టె దాటి పోదు. చాలావరకు రెట్టగా మారి మళ్లీ ఆ నీళ్లలోకే వస్తుంది. పాకుడు తగ్గినట్టు కనిపిస్తుంది గానీ, దాన్ని పెంచే నైట్రేట్, ఫాస్ఫేట్ అక్కడే ఉంటాయి. అందుకే ఏ పద్ధతి గురించైనా నేను అడిగేది ఒక్కటే: ఇది తొట్టెలోంచి ఏం బయటికి తీస్తోంది?

అలా చూస్తే అన్నిటికంటే చవకైన సైఫన్ గొట్టానిదే మొదటి స్థానం. ఇసుక మీద, రాళ్ల వెనక పేరుకున్న మడ్డి (చేపల రెట్ట, మిగిలిపోయిన మేత) కుళ్లి నైట్రేట్ కాకముందే బకెట్లోకి వచ్చేస్తుంది. అలాగని నీళ్లు మార్చడం ఒక్కటే నమ్ముకుంటే లెక్క తేలదు. నైట్రేట్ 40 పీపీఎం (నీటి పది లక్షల భాగాల్లో 40) ఉన్న తొట్టెలో 10 శాతం నీళ్లు మారిస్తే 36కి దిగుతుంది, 25 శాతం మారిస్తే 30కి. మేత దండిగా వేసే ఇంట్లో అది మళ్లీ పెరగడానికి ఎన్నాళ్లో పట్టదు, పైగా ఉప్పు ఖర్చు. అంటే గొట్టం విలువ నీళ్లు తోడటంలో కన్నా మడ్డి లాగడంలోనే ఎక్కువ. ఏళ్లుగా కదపని లోతైన ఇసుకను మాత్రం ఒకేసారి కెలకొద్దు. అడుగున హైడ్రోజన్ సల్ఫైడ్ చేరి ఉంటే చేపల ప్రాణం మీదికి వస్తుంది. వారానికో మూల చాలు. వేవ్‌మేకర్‌ని (నీళ్లను కదిలించే పంపు) కాస్త రాళ్ల వెనక్కి తిప్పితే మడ్డి కూర్చునే చోటే తగ్గుతుంది.

స్కిమ్మర్ పని వేరు. సన్నటి గాలి బుడగలకు అంటుకునే మలినాలను నురగగా పైకి తెచ్చి కప్పులో పోస్తుంది. అవి నైట్రేట్‌గా మారకముందే తీసేయడం దాని గొప్ప. ఇప్పటికే కరిగి ఉన్న నైట్రేట్‌నీ, ఇసుకలో కూర్చున్న మడ్డినీ అది ఏమీ చేయలేదు. కొన్నాక పాకుడు పోలేదని తిట్టుకునేవాళ్లు మరిచిపోయేది ఇదే. సంప్‌లో (పెద్ద తొట్టెకు కలిపి ఉండే పక్క తొట్టె) పెట్టే ఫిల్టర్ సాక్ (వడపోత సంచి) కూడా మంచిదే, మూడు నాలుగు రోజులకోసారి మార్చే ఓపిక ఉంటే. లేకపోతే మడ్డి అందులోనే కుళ్లుతుంది.

కరిగిపోయిన నైట్రేట్‌ని లాగాలంటే రెఫ్యూజియం. సంప్‌లో ఒక గదిలో కీటోమార్ఫా అనే నాచు వేసి లైటు పెడితే, పెద్ద తొట్టెలో పాకుడు తినాల్సిన తిండిని అది తినేస్తుంది. గుప్పెళ్లకొద్దీ తీసి పారేసినప్పుడే లాభం. పెంచి ఊరుకుంటే ప్రయోజనం లేదు. ఆ లైటు రాత్రిపూట వెలిగిస్తే రాత్రి పీహెచ్ (నీటి ఆమ్ల-క్షార స్థాయి) పడిపోవడం కూడా తగ్గుతుంది. ఫాస్ఫేట్ ఒక్కటే ఎక్కువుంటే జీఎఫ్‌ఓ (ఫాస్ఫేట్‌ని పట్టుకునే ఇనుప ఆక్సైడ్ గుళికలు) త్వరగా పనిచేస్తుంది, కానీ టెస్ట్ కిట్ లేకుండా వాడొద్దు. ఫాస్ఫేట్ ఒక్కసారిగా పడిపోతే పగడాలు దెబ్బతింటాయి. నైట్రేట్, ఫాస్ఫేట్ రెండూ సున్నాకి దిగితే ఆ ఖాళీలో డైనోఫ్లాజెల్లేట్లు (కంటికి కనపడనంత చిన్న సూక్ష్మజీవులు) దిగుతాయి, వాటితో పోలిస్తే పచ్చ పాకుడే నయం. నైట్రేట్ 5–10, ఫాస్ఫేట్ 0.03–0.1 పీపీఎం మధ్య ఉంటే టెన్షన్ పడక్కర్లేదు.

ఇక ఏది కొనాలంటే: ముందు నీళ్లు చూడండి. బోరు నీళ్లతో ఉప్పు కలిపితే పాకుడికి మేత మీరే పోస్తున్నట్టు. ఆర్‌ఓ డీఐ నీళ్లు (వడపోసి, కరిగిన లవణాలు కూడా తీసేసినవి), టీడీఎస్ మీటర్‌లో సున్నా, అక్కడి నుంచే మొదలు. చేపలు ఎక్కువ, మేత ఎక్కువ అయితే డబ్బు స్కిమ్మర్ మీద పెట్టండి. స్కిమ్మర్ ఉండి కూడా నైట్రేట్ దిగకపోతే రెఫ్యూజియం. చిన్న తొట్టె, ఒక జత క్లౌన్ చేపలే అయితే రెండూ అక్కర్లేదు, గొట్టం, టూత్‌బ్రష్ చాలు. కొత్త తొట్టెలో వచ్చే గోధుమరంగు డయాటమ్స్‌కి (ఒక రకం సూక్ష్మ పాకుడు) ఏమీ కొనొద్దు, సాధారణంగా కొన్ని వారాల్లో అవే పోతాయి.

నత్తల్ని చివర్లో, పొడవాటి పాకుడు చేత్తో పీకేశాక, కొద్దికొద్దిగా వేయండి. వాటితోపాటు హెర్మిట్ పీతలు పెడితే నాలుగు ఖాళీ నత్తగుల్లలు కూడా వేయాలి. లేకపోతే గుల్ల కోసం బతికున్న నత్తనే చంపేస్తాయి.