మూడు వానాకాలాలు గడిచాక జీపీఎస్ సింక్ రేడియోల గురించి

వైర్లు లేకుండా ఇంటర్నెట్ ఇచ్చే కొత్త టవర్‌కి ఏ రేడియో కొనాలని ఎవరు అడిగినా నా జవాబు ఒక్కటే. ముందు అందులో జీపీఎస్ సింక్ (ఉపగ్రహాల గడియారంతో రేడియోలన్నీ ఒకే తాళంలో నడిచే ఏర్పాటు) ఉందో లేదో చూడండి, స్పీడు సంగతి తర్వాత. భీమవరం, ఉండి, ఆకివీడు ఊళ్ల మధ్య చేపల, రొయ్యల చెరువుల మీదుగా మూడేళ్లుగా నడుస్తున్న టవర్లలో మిగతా ఫీచర్లన్నీ కలిపి చేసినదానికన్నా ఇది ఒక్కటే చేసిన మేలు ఎక్కువ. గెయిన్ (యాంటెన్నా బలం), పోర్టులు డేటాషీట్‌లో ఉంటాయి కాబట్టి వాటి జోలికి పోవడం లేదు.

30 మీటర్ల టవర్ మీద నాలుగు 90 డిగ్రీల సెక్టార్లు (దిక్కుకో రేడియో, యాంటెన్నా) ఉన్నాయనుకోండి. తూర్పుదీ పడమరదీ వీపు వీపు ఆనించుకుని ఒకే ఛానల్‌లో పనిచేస్తున్నాయి. ట్రాన్స్‌మిట్ పవర్ 19 డీబీఎం (సిగ్నల్ బలం కొలత, మైనస్ అంకె పెద్దదయ్యేకొద్దీ బలం తక్కువ), యాంటెన్నా 17 డీబీఐ, వెనక్కి పోయే సిగ్నలూ, వెనక నుంచి వినబడేదీ 30 డీబీ తక్కువ. మధ్యలో మీటరు ఎడం ఉంటే 5.8 గిగాహెర్ట్జ్ దగ్గర సుమారు 48 డీబీ నష్టం. లెక్క కడితే తూర్పు సెక్టార్ ప్రసారం పడమర సెక్టార్‌కి మైనస్ 55 డీబీఎంతో వినబడుతుంది. నాలుగు కిలోమీటర్ల అవతల చెరువు గట్టు మీదున్న కస్టమర్ సిగ్నల్ చేరేది మైనస్ 60తో. ఇక ఆ కస్టమర్ మాట ఎక్కడ వినబడుతుంది?

సింక్ ఉంటే ఉపగ్రహాల నుంచి వచ్చే సెకనుకో పల్సు ఆధారంగా నాలుగు సెక్టార్లూ ఒకేసారి మాట్లాడతాయి, ఒకేసారి వింటాయి. కస్టమర్ల పవర్ కంట్రోల్ ఆన్ చేసి అందరి సిగ్నలూ మైనస్ 60 దగ్గరే చేరేలా పెడితే, వెనక సెక్టార్‌కి అది మైనస్ 90గా పడుతుంది. 64 క్వామ్‌కి (ఎక్కువ డేటా నింపి పంపే పద్ధతి) ఆ 30 డీబీ తేడా సరిపోతుంది. పవర్ కంట్రోల్ ఆపేసి అందరినీ ఫుల్ పవర్‌లో వదిలేస్తే మాత్రం సింక్ ఉండీ ఉపయోగం లేదు. సింక్, పవర్ కంట్రోల్ కలిసి ఉంటే నాలుగు ఛానళ్ల పని రెండింటితో అయిపోతుంది. 2018లో 5 గిగాహెర్ట్జ్ బ్యాండ్లని లైసెన్స్ అక్కర్లేకుండా తెరిచాక 5725 నుంచి 5875 దాకా ఉన్న 150 మెగాహెర్ట్జ్‌లో అందరూ చేరారు. అందులో నాలుగు ఛానళ్లు వాడటానికీ, రెండింటితో సరిపెట్టుకోవడానికీ తేడా టవర్ ఎక్కితే తెలుస్తుంది.

రెండో వానాకాలంలో ఒక టవర్ తూర్పు, పడమర సెక్టార్ల నుంచి ఫిర్యాదులు మొదలయ్యాయి. చెరువుల కెమెరాలు ఆగిపోతున్నాయి. కాసేపటికి వాటంతటవే వస్తున్నాయి, మళ్లీ పోతున్నాయి. డౌన్‌లింక్ (టవర్ నుంచి కస్టమర్‌కి) మాడ్యులేషన్‌లో, అంటే సిగ్నల్‌లో డేటా నింపే స్థాయిలో మార్పు లేదు, అప్‌లింక్ (కస్టమర్ నుంచి టవర్‌కి) మాత్రం అట్టడుగుకి పడిపోతోంది. ఉత్తరం, దక్షిణం సెక్టార్లకి ఏమీ కాలేదు. ఇలాంటప్పుడు ఎవరైనా బయటివాళ్ల రేడియో అడ్డొస్తోందనుకుంటారు. తూర్పు సెక్టార్‌ని మూడో ఛానల్‌కి మారిస్తే రెండూ బాగుపడ్డాయి. అదే నన్ను దారి తప్పించింది. రోగం అలాగే ఉండగా లక్షణం ఒక్కటే పోయింది.

అసలు సంగతి తూర్పు రేడియో జీపీఎస్ పేజీలో ఉంది. తొమ్మిది ఉపగ్రహాలు కనబడాల్సిన చోట సున్నా. సింక్ పోయినా ప్రసారం ఆపొద్దనే సెట్టింగ్ ఉండటంతో ఆ రేడియో తన సొంత క్రిస్టల్ (లోపలి గడియారం) మీద నడుస్తోంది. 1 పీపీఎం (పది లక్షల్లో ఒక వంతు) తేడా ఉంటే గడియారం సెకనుకి 1 మైక్రోసెకను, నిమిషానికి 60 మైక్రోసెకన్లు జారుతుంది. 8 కిలోమీటర్ల పరిధికి పెట్టిన గార్డ్ టైమ్ (మాట్లాడటానికీ వినడానికీ మధ్య వదిలే ఖాళీ) రానూపోనూ 53 మైక్రోసెకన్లే. అంటే నిమిషం లోపే గీత దాటింది. 5 మిల్లీసెకన్ల ఫ్రేమ్‌లో (ఒకసారి మాట్లాడి, ఒకసారి వినే విడత) పావు వంతు అప్‌లింక్, అంటే 1250 మైక్రోసెకన్లు. ఇరవై నిమిషాల్లో అదంతా ఎదుటి సెక్టార్ డౌన్‌లింక్ కిందకి పోతుంది. ఫ్రేమ్ పూర్తిగా ఒక చుట్టు జారడానికి దాదాపు 83 నిమిషాలు. గంటా ఇరవై నిమిషాలకోసారి కెమెరాలు కాసేపు వచ్చి పోయింది అందుకే.

కాబట్టి ఇది గుర్తుపెట్టుకోండి: ఎదురెదురు దిక్కులు చూసే రెండు సెక్టార్లలో అప్‌లింక్ ఒకేసారి పడిపోతే స్పెక్ట్రమ్ స్కాన్ (చుట్టూ ఉన్న బయటి సిగ్నళ్ల కోసం వెతకడం) కన్నా ముందు ఉపగ్రహాల సంఖ్య చూడండి.

తప్పు రేడియోది కాదు. జీపీఎస్ యాంటెన్నా కేబుల్ కిందికి వంపు లేకుండా నేరుగా కనెక్టర్‌లోకి దిగింది. వాన నీళ్లు దాని వెంటే జారి లోపలికి పోయాయి, పిన్ను పచ్చగా చిలుము పట్టింది. ఇప్పుడు అన్ని టవర్లలోనూ కనెక్టర్‌కి ముందు అరచేయంత వంపు ఉంటుంది. దాని మీద రబ్బరు టేపు సగానికి పైగా సాగదీసి ఒక పొర, పైన పీవీసీ టేపు. చివరి చుట్టు కింద నుంచి పైకి రావాలి. అప్పుడు ఇంటి పెంకుల్లాగా పై పొర కింది పొర మీదికొచ్చి నీళ్లు బయటికే జారతాయి. యాంటెన్నా సెక్టార్ లోహానికి దూరంగా, ఆకాశం పూర్తిగా కనబడేలా ఉండాలి. ఉపగ్రహాలు అయిదు కన్నా తగ్గితే ఎస్ఎన్ఎంపీ (పరికరాలని దూరం నుంచి గమనించే పద్ధతి) అలర్ట్ వస్తుంది. సింక్ పోయిన రేడియో ప్రసారం ఆపేసేలా సెట్టింగ్ కూడా మార్చేశాం. ఒక సెక్టార్ ఆగితే ఏది పాడైందో వెంటనే తెలుస్తుంది. రెండు సెక్టార్లు కుంటితే వారం వెతకాలి.

పైన మెచ్చుకున్నదానికి ఒక షరతు చేర్చాలి. సింక్ కావాలంటే డౌన్‌లింక్, అప్‌లింక్ నిష్పత్తి అన్ని సెక్టార్లలోనూ ఒకటే ఉండాలి. ఒకదానికొకటి వినబడే టవర్లన్నిటికీ ఇదే నియమం. పరిధి సెట్టింగ్ కూడా అంతే. 75:25 ఇళ్లకి బాగుంటుంది. 20 మెగాహెర్ట్జ్ ఛానల్‌లో చేతికందేది 100 మెగాబిట్ల దగ్గర అనుకుంటే అప్‌లింక్‌కి మిగిలేది 25. ఒక్కోటి 2 మెగాబిట్ల కెమెరాలు పన్నెండు ఒకేసారి ఫోన్లలో తెరిస్తే అయిపోయింది. చెరువుల వైపు సెక్టార్ ఒక్కదాన్నే 50:50కి మార్చడం కుదరదు, మారిస్తే అన్నీ మార్చాలి. పింగ్ (జవాబు తిరిగి రావడానికి పట్టే సమయం) కూడా సింక్ లేని మోడ్ కన్నా కొన్ని మిల్లీసెకన్లు ఎక్కువే, ఆన్‌లైన్ గేములు ఆడే పిల్లలు పట్టేస్తారు.

మార్పు ఏ వేళ చేయాలో కూడా ఆలోచించుకోండి. పట్నంలో అయితే తెల్లవారుజామున మూడు గంటలు మంచి సమయం. ఇక్కడ ఆ వేళ నుంచి తెల్లారేదాకా చెరువులో ఆక్సిజన్ బాగా తక్కువగా ఉంటుంది, ఏరేటర్లు తిరుగుతున్నాయో లేదో రైతు ఫోన్‌లో చూసుకుంటూ ఉంటాడు. పగలు పదకొండు గంటలకి చేయండి.

మా దగ్గర టవర్‌కి నాలుగు సెక్టార్లు, టవర్లు ఒకదానికొకటి కనబడే చదును నేల కాబట్టి ఈ ఖర్చు గిట్టింది. ఒకే టవర్, రెండే సెక్టార్లు ఉంటే వేర్వేరు ఛానళ్లు పెట్టుకుని ఆ డబ్బు మంచి యాంటెన్నాలకో, కొబ్బరి చెట్ల పైకి లేపే పైపులకో పెట్టండి. నాలుగు కిలోమీటర్ల లింకుకి మధ్యలో సిగ్నల్ దారికీ చెట్ల కొసలకీ నడుమ కనీసం నాలుగున్నర మీటర్ల ఖాళీ కావాలి, దాన్ని ఏ సింకూ తెచ్చిపెట్టదు. పక్క ఆపరేటర్ సింక్ లేకుండా అదే ఛానల్‌లో ఉన్నా, వేరే కంపెనీ ఫ్రేమ్ వాడుతున్నా మీ పల్సు అతని రేడియోకి పట్టదు. కొనేటప్పుడు మాత్రం టవర్‌కి ఒక జీపీఎస్ యాంటెన్నా అదనంగా తీసుకోండి. తుఫాను రోజుల్లో కొరియర్ రాదు.