లుగ్బరా ఊళ్లో తగువు వస్తే: వంశ పెద్దలా, ఎల్సీ కోర్టా?

ఉగాండాకు వాయవ్య మూలన, కాంగో సరిహద్దును ఆనుకుని అరువా నగరం ఉంది. ఆ చుట్టుపక్కల ఊళ్లన్నీ చాలావరకు లుగ్బరా అనే జాతివాళ్లవే. సరిహద్దుకు అవతల, కాంగోలోనూ ఉన్నారు. అక్కడ ఏ ఊళ్లోనైనా ఇద్దరు అన్నదమ్ములు చేను హద్దు దగ్గర గొడవపడ్డారనుకుందాం. వాళ్ల ముందు మూడు దారులుంటాయి. వంశ పెద్దల్ని కూర్చోబెట్టొచ్చు, ఊరివాళ్లు ఎన్నుకున్న లోకల్ కౌన్సిల్ (ఎల్సీ) కోర్టుకు వెళ్లొచ్చు, లేదంటే బస్సెక్కి అరువాలో మేజిస్ట్రేటు దగ్గరికి పోవచ్చు. మూడోది దూరం, ఖర్చు, ఏళ్ల తరబడి వాయిదాలు. అది మనకు కొత్తగా చెప్పాల్సిన పని లేదు. అసలు పోటీ మొదటి రెండింటి మధ్యే.

లుగ్బరాలకు రాజులు లేరు. మొదట బెల్జియం వాళ్లు, 1914 నుంచి బ్రిటిష్ వాళ్లు వచ్చి నాయకుల్ని నియమించేదాకా వంశానికి పెద్దే అధికారి. ఆ పెద్దను వాళ్ల భాషలో ‘బా వారా’ అంటారు. మాటకు మాట తెలుగులో పెడితే ‘పెద్దమనిషి’ అనే వస్తుంది. పోలీసు లేడు, జైలు లేదు. దూరపు వంశంతో తగువైతే విల్లూ బాణాలూ బయటికి వచ్చేవి. దగ్గరి రక్తసంబంధీకుల మీద మాత్రం ఆయుధం ఎత్తకూడదు. మరి సొంత ఇంట్లోనే ఒకడు పెద్దల్ని లెక్కచేయకపోతే?

అక్కడ పితరులు దిగుతారు. ధాన్యపు గాదె కింద, చిన్న బొమ్మరిల్లులా రాతి పలకలు నిలబెట్టిన గుడి ఉంటుంది. పెద్ద దాని దగ్గర కూర్చుని తన బాధ తలుచుకుంటాడు. కేకలూ శాపనార్థాలూ ఏమీ ఉండవు. కొన్నాళ్లకు తప్పు చేసినవాడికో వాడి బిడ్డకో జబ్బు చేస్తే సోది అడుగుతారు. సోది చెప్పేవాడు ఒక పుల్లకు గడ్డి చుట్టి పైకీ కిందికీ రుద్దుతూ ఒక్కో పేరూ అంటాడు. ఏ పేరు దగ్గర గడ్డి పట్టేస్తే ఆ పితరుడికి కోపం వచ్చినట్టు. ఒక జంతువును బలి ఇస్తామని మొక్కుకుంటారు. రోగి కోలుకున్నాకే బలి. ఆ జంతువును తిప్పుతున్నప్పుడు అది మూత్రం పోస్తే పితరులు ఒప్పుకున్నారని లెక్క. తర్వాత పెద్దలు మనసులో ఉన్నదంతా బయట పెట్టి, ఉమ్మితో ఆశీర్వదించి, మాంసం పంచుకుని తింటారు.

ఇది 1950ల మొదట్లో అక్కడ ఉండి చూసిన ఆంత్రోపాలజిస్టు జాన్ మిడిల్టన్ రాసిన సంగతి. ఇప్పుడు లుగ్బరాల్లో ఎక్కువమంది క్రైస్తవులు, పక్కనే యుంబే జిల్లా వైపు ఉండే, వీళ్లకు దగ్గరివాళ్లైన అరింగాలు ఎక్కువగా ముస్లింలు. గాదె కింద గుడి అరుదైపోయింది గానీ చెట్టు కింద కూర్చోవడం, చివర్లో కలిసి తినడం పోలేదు. నాకు నచ్చేదీ అదే. గెలిచినవాడు ఓడినవాడితో కలిసి తినకపోతే అక్కడ తీర్పు పూర్తయినట్టు కాదు. అన్నదమ్ముల హద్దు తగువుకు ఇంతకంటే మంచి చోటు లేదంటాను. ఆ హద్దు చెట్టు ఎవరి తాత నాటాడో తెలిసినవాళ్లు అక్కడే ఉంటారు కదా.

చిక్కు కూడా అక్కడే ఉంది. మిడిల్టన్ గమనించినది ఇదే: వంశంలో పెత్తనం కోసం పోటీపడే పెద్దలు ఈ పితరుల కోపాన్నే ఒకరి మీద ఒకరు వాడుకునేవారు. జడ్జీ, వాదీ ఒకడే అయితే మీరేం చేస్తారు?

ఎల్సీ కోర్టులకు మొదలు 1980ల చివర్లో వచ్చిన రెసిస్టెన్స్ కౌన్సిళ్లు అనే ఊరి కమిటీలు. ఇప్పుడు నడుస్తున్నవి 2006 చట్టం ప్రకారం. ఊరికి ఎల్సీ 1, కొన్ని ఊళ్లు కలిసిన పారిష్‌కు ఎల్సీ 2, దానికి పైనున్న సబ్‌కౌంటీకి ఎల్సీ 3. స్థానిక భాషలోనే విచారణ, లాయర్లు రాకూడదు. ఆచారం ప్రకారం అనుభవిస్తున్న భూమి మీద తగువైతే నేరుగా ఎల్సీ 2కు వెళ్లాలి. తీర్పు నచ్చకపోతే పైకి, చీఫ్ మేజిస్ట్రేటు దాకా అప్పీలు ఉంటుంది. పెద్దల దగ్గర దొరకనిది ఈ పై మెట్టే. క్షమాపణ చెప్పించడం, రాజీ కుదర్చడం కూడా ఈ కోర్టు ఇచ్చే ఆదేశాల్లో ఉన్నాయి. అంటే పెద్దల పద్ధతిని కొంత చట్టంలోకి ఎక్కించారు.

అయితే ఎల్సీని చూసి మురిసిపోనక్కర్లేదు. 2001 తర్వాత ఎల్సీ 1, 2 ఎన్నికలు మళ్లీ జరిగింది 2018లో. మధ్యలో పదిహేడేళ్లు పాతవాళ్లే కూర్చున్నారు. పైగా ఆ ఎన్నికల్లో రహస్య ఓటు లేదు, నచ్చిన అభ్యర్థి వెనక వరసలో నిలబడాలి. రేపు నీ కేసు విచారించేవాడికి నువ్వు ఎవరి వెనక నిలబడ్డావో తెలుసు. ఆ టెన్షన్ చిన్నదేం కాదు.

అయినా ఆడవాళ్ల విషయంలో నా ఓటు ఎల్సీకే. లుగ్బరా పెళ్లిలో అబ్బాయి వైపు వాళ్లు ఆవుల్ని ఇస్తారు. భర్తను వదిలి వచ్చేస్తే ఆ ఆవులు తిరిగి ఇచ్చేయమంటారు. వాటిని ఇవ్వలేని పుట్టింటివాళ్లు ‘సర్దుకుపోమ్మా’ అని వెనక్కి పంపుతారు. ఉగాండా సుప్రీంకోర్టు 2015లో ఈ వాపసు అడగడం రాజ్యాంగ విరుద్ధమని తేల్చింది. కన్యాశుల్కాన్ని రద్దు చేయలేదు, తిరిగి ఇమ్మనడాన్ని కొట్టేసింది. ఇక వితంతువు సంగతి. ఆమె భూమి అడిగేది మరుదుల్ని, తీర్పు చెప్పేది మరుదుల బాబాయిలు! ఎల్సీ కమిటీలో మహిళల కార్యదర్శి అయినా ఉంటుంది, తీర్పు కాగితం మీద ఉంటుంది. రాజ్యాంగంలోని 33వ అధికరణం స్త్రీ గౌరవానికి విరుద్ధమైన ఆచారం చెల్లదని అంటోంది. చెట్టు కింద ఈ అధికరణం చదివే మనిషి దొరకడం కష్టం.

దక్షిణ సూడాన్ నుంచి వచ్చి బిడిబిడి శిబిరంలో ఉన్న శరణార్థి కట్టెల కోసం ఊరివాళ్లతో గొడవపడితే? అతనికి అక్కడ వంశమూ లేదు, పితరులూ లేరు. బయటివాడికి వంశ పెద్దల మధ్యవర్తిత్వం ఒక్కటే సరిపోదు.

హత్య జరిగితే పోలీసు, పై కోర్టు తప్ప వేరే మాట లేదు, ఎల్సీకి ఆ అధికారమే లేదు. కానీ హంతకుడు జైలుకు పోయాక కూడా రెండు కుటుంబాలూ ఒకే బావి నీళ్లు తోడుకోవాలి, ఒకే సంతకు వెళ్లాలి. శిక్ష పడ్డ తర్వాత ఆ రెండు ఇళ్లనూ కూర్చోబెట్టే పని కోర్టు చేయదు. దానికి మళ్లీ బా వారా దగ్గరికే కబురు వెళ్తుంది.