పాంప్లెట్ పక్కన పెట్టి యూడైస్ పేజీ తెరవండి

అడ్మిషన్ల కోసం తిరుగుతున్న తిరుపతి తల్లిదండ్రుల కోసం ఈ రివ్యూ. కేంద్ర విద్యాశాఖ నడిపే స్కూళ్ల వివరాల వెబ్‌సైట్ యూడైస్ ప్లస్‌లో ‘నో యువర్ స్కూల్’ అని ఒక పేజీ ఉంది. డబ్బు కట్టక్కర్లేదు, లాగిన్ అక్కర్లేదు. స్కూలుకు ఉండే 11 అంకెల కోడ్ కొడితే (మన రాష్ట్రానివి 28తో మొదలవుతాయి) ఆ స్కూలు జాతకం బయటికొస్తుంది. ఏ తరగతిలో మగపిల్లలు ఎందరు, ఆడపిల్లలు ఎందరు, ఎస్సీ, ఎస్టీ, ఓబీసీలు ఎందరు, టీచర్లు ఎందరు, మరుగుదొడ్లు ఎన్ని, అన్నీ ఉంటాయి. కాప్చా మాత్రం విసిగిస్తుంది.

నాకు కొర్లగుంటలో జిరాక్స్ షాపు ఉంది. వేసవి వచ్చిందంటే స్కూళ్ల పాంప్లెట్లు నా చేతుల మీదుగానే పోతాయి కాబట్టి వాటి మీదుండే 590లు, 592లు నాకు కంఠతా వచ్చు. మా పాపను ఆరో తరగతిలో చేర్చాలని ఊళ్లో బాగా పేరున్న ఒక ప్రైవేటు స్కూలుకు వెళ్లాం. పేరు వద్దులెండి. పాంప్లెట్ నిండా టాపర్ల ఫొటోలు. “వీళ్లంతా ఈ బ్రాంచి పిల్లలేనా మేడం?” అంటే, “మా గ్రూపు పిల్లలు సార్” అన్నారు. మరి ఇక్కడ పది ఎంతమంది రాశారు, ఎంతమంది పాసయ్యారు అని అడిగా. “రిజల్ట్ గురించి మీరేం టెన్షన్ పడొద్దు సార్, మా దగ్గర అంతా మంచి ఫ్యామిలీల పిల్లలే” అన్నారు. నేను అడిగిందేమిటి, ఆమె చెప్పిందేమిటి! పైగా పాపకు ‘చిన్న టెస్ట్’ పెట్టాకే సీటట. విద్యాహక్కు చట్టం 13వ సెక్షన్ ఇలాంటి వడపోతనే వద్దంటుంది. ఆ మాట అక్కడ అనలేదు, మా ఆవిడ మోచేత్తో పొడిచింది.

రాత్రి షాపు మూసేముందు ఆ స్కూలు పేజీ తెరిచా. ముందటేడు తొమ్మిదో తరగతిలో 84 మంది. వాళ్లే పదికి రావాల్సిన ఏడాదికి 61 మంది. మిగతా 23 మందీ బదిలీల మీద వెళ్లిపోయారని అనుకోవచ్చు. కానీ తొమ్మిదిలో మార్కులు తగ్గాయని కొడుకు టీసీ చేతిలో పెట్టి పంపించారని వాపోయిన ఒకాయన నాకు తెలుసు. ఆ టీసీకి జిరాక్స్ తీసింది నేనే. బలహీనంగా ఉన్నవాళ్లను పరీక్షకు ముందే పంపించేస్తే నూటికి నూరు శాతం రాక ఏమవుతుంది?

ఎస్టీ గడిలో సున్నా. మన చుట్టుపక్కల యానాదులు, ఎరుకలవాళ్లు, సుగాలీలు ఇంతమంది ఉంటే, స్కూలు మొత్తం మీద ఒక్క పిల్లాడు లేడు. ప్రైవేటు స్కూళ్లలో ఒకటో తరగతి సీట్లలో 25 శాతం పేదపిల్లలకు ఇవ్వాలి. మన రాష్ట్రంలో అందులో ఎస్సీలకు 10, ఎస్టీలకు 4, అనాథలు, దివ్యాంగులు, హెచ్‌ఐవీ బాధిత పిల్లలకు 5, మిగతా పేదవర్గాలకు 6. దరఖాస్తులే రాలేదని చెప్తారేమో. ‘మంచి ఫ్యామిలీలు’ అన్న మాట విన్నాక నాకు నమ్మబుద్ధి కాలేదు.

ఫ్యామిలీని చూసి రిజల్ట్ చెప్పేయొచ్చనే వాళ్లు 2025 పదో తరగతి ఫలితాలు చూడాలి. రాష్ట్రంలో 6,14,459 మంది రాస్తే 4,98,585 మంది పాసయ్యారు, 81.14 శాతం. 93.90 శాతంతో మొదట నిలిచింది పార్వతీపురం మన్యం. 47.64తో చివర్న ఉన్నది అల్లూరి సీతారామరాజు జిల్లా. రెండూ ఏజెన్సీ జిల్లాలే, పక్కపక్కనే ఉంటాయి.

మా తోడల్లుడు డల్లాస్‌లో ఉంటాడు, పిల్లల్ని చార్టర్ స్కూల్లో వేశాడు. సర్కారు డబ్బుతో నడుస్తుంది, నడిపేది వేరే సంస్థ, ఫీజు లేదు, సీట్ల కన్నా దరఖాస్తులు ఎక్కువైతే లాటరీ తీస్తారు. మొదటి చట్టం 1991లో మిన్నెసోటాలో వచ్చింది. ఆ స్కూలు రిపోర్ట్ కార్డు ఫోన్లో చూపించాడు. నల్లవాళ్లు, హిస్పానిక్‌లు, పేదపిల్లలు, ఇంగ్లీషు ఇంకా నేర్చుకుంటున్నవాళ్లు, ఎవరు ఎంతమంది ఉన్నారో, ఏ వర్గం పిల్లలు పరీక్షల్లో ఎలా చేశారో విడివిడిగా వేశారు. అలా చూపించాలని అక్కడ కేంద్ర చట్టమే ఉంది. మన పేజీలో పిల్లల లెక్క ఉంది కానీ, దాని పక్కన పదో తరగతి రిజల్ట్ నాకు కనబడలేదు. ఒక స్టార్ అందుకే కోస్తున్నా.

ఇంకోటి, యూడైస్ పేజీలో అంకెలు స్కూలువాళ్లు ఎక్కించినవే. మా ఇంటి దగ్గర మున్సిపల్ హైస్కూలు పేజీలో ఆడపిల్లలకు నాలుగు మరుగుదొడ్లు అని ఉంది. వెళ్లి చూస్తే రెండింటికి తాళం. మా ఆవిడ మొహం మాడ్చుకుంది. అయితే హెడ్మాస్టరు గారు, నేను అడగ్గానే బీరువాలోంచి నామినల్ రోల్ (పది పరీక్షకు వెళ్లినవాళ్ల పేర్ల పట్టీ) తీసి బల్ల మీద పరిచారు. 58 మంది రాశారు, 47 మంది పాస్. ఫెయిలైన పదకొండు పేర్లలో ఎనిమిదింటి మీద వేలు పెట్టి, “ఈ ఎనిమిది మందీ లెక్కల్లోనే పోయారు. ఈ పాప వాళ్లమ్మ పూలు కడుతుంది, వీడి నాన్న ఆటో, వీడు పొద్దున హోటల్లో పనిచేసి బడికొస్తాడు” అని చెప్పుకుంటూ పోయారు. సాయంత్రం లెక్కల క్లాసు పెట్టారట, అది కూడా జరుగుతుండగానే చూశా.

పాపను అక్కడే చేర్చాం. తాళాలు తీయించే పని మా ఆవిడ తీసుకుంది.

పేజీకి నాలుగు స్టార్లు. కంప్యూటర్లో చూడండి, ఫోన్లో గడులు సరిగ్గా కనబడవు. ఒక ఏడాదితో సరిపెట్టుకోకుండా తొమ్మిది, పది తరగతుల లెక్కలు వరసగా రెండు మూడేళ్లవి తీసుకోండి. కోడ్ తెలియకపోతే ఆ స్కూల్లో చదివిన పిలకాయల టీసీ గానీ, ఇప్పుడు చదివేవాళ్ల ప్రోగ్రెస్ కార్డు గానీ అడిగి చూడండి, చాలావాటి మీద వేసుంటారు.