మోసపు మెయిల్ ఎక్కడి నుంచి వచ్చింది: ఐపీ వెతకడం మేలా, సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయడం మేలా?

మా పిన్ని కొడుక్కి ఉద్యోగం ఇస్తున్నామని ఒక మెయిల్ వచ్చింది. తిరిగి ఇచ్చే డిపాజిట్ అని చెప్పి 9,500 రూపాయలు అడిగితే కట్టేశాడు. మోసమని తెలిశాక రెండు రోజులు నిద్రపోకుండా ఐపీ అడ్రస్ (ఇంటర్నెట్ కనెక్షన్‌ను గుర్తించే నంబరు) వెతుకుతూ కూర్చున్నాడు. "అన్నా, వాడు అమెరికాలో ఉన్నాడు, కాలిఫోర్నియా చూపిస్తోంది" అన్నాడు. నిజానికి మావాడికి దొరికింది గూగుల్ సర్వర్ చిరునామా. ఆ రెండు రోజులు వృథా అయ్యాయన్న బాధ నాకింకా పోలేదు. అందుకే ఇది రాస్తున్నాను.

మెయిల్ హెడర్, అంటే మెయిల్ ఏ దారిలో వచ్చిందో రాసి ఉండే, మామూలుగా కనిపించని భాగం, చూడటం కష్టమేమీ కాదు. కంప్యూటర్‌లో జీమెయిల్ తెరిచి, మెయిల్ పక్కనున్న మూడు చుక్కలు నొక్కి ‘షో ఒరిజినల్’ అంటే చాలు. మెయిల్ దాటి వచ్చిన ప్రతి సర్వర్ ‘రిసీవ్డ్’ అనే వరసను పైన చేరుస్తూ పోతుంది కాబట్టి ప్రయాణాన్ని కింది నుంచి పైకి చదవాలి. చిక్కు ఏమిటంటే, అట్టడుగు వరసలను పంపినవాడే అబద్ధంగా రాసి పెట్టగలడు. పైగా జీమెయిల్ వెబ్‌సైట్ నుంచి పంపితే మనిషి వాడిన ఐపీ హెడర్‌లోకి రానే రాదు. కొన్ని చిన్న కంపెనీల మెయిల్ సర్వర్లలో మాత్రం కనిపించవచ్చు.

కనిపించినా అది ఇంటి అడ్రస్ కాదు. మొబైల్ డేటాలో ఒకే పబ్లిక్ ఐపీని ఎంతోమంది పంచుకుంటారు. లొకేషన్ సైట్లు చూపేది అంచనా మాత్రమే. అమెరికాలో మ్యాక్స్‌మైండ్ అనే సంస్థ, ఊరు తేలని ఐపీలన్నిటికీ దేశం నడిమధ్య ఒక బిందువు పెట్టింది. అది కాన్సస్‌లో పాట్విన్ అనే ఊరి దగ్గరి పొలంలో పడింది. 60 కోట్లకు పైగా ఐపీలు ఆ పొలాన్నే చూపేవి. అక్కడున్నవాళ్లు ఏ తప్పూ చేయకుండానే ఏళ్ల తరబడి పోలీసులకు, కోపంతో వచ్చే బాధితులకు జవాబు చెప్పుకోవాల్సి వచ్చింది. 2016లో సంగతి బయటపడ్డాక ఆ బిందువును ఒక చెరువులోకి మార్చారు. మనం కోపంలో తప్పు గుమ్మం తట్టకూడదు.

హెడర్ పనికొచ్చేది డబ్బు కట్టకముందు. ‘షో ఒరిజినల్’ పేజీ పైనే ఎస్‌పీఎఫ్, డీకిమ్, డీమార్క్ అని మూడు ఫలితాలుంటాయి. మెయిల్ నిజంగా ఆ డొమైన్ (మెయిల్ అడ్రస్‌లో @ తర్వాత ఉండే పేరు) నుంచే వచ్చిందా అని చూసే పరీక్షలివి. ‘ఫెయిల్’ అని ఉంటే గట్టిగా అనుమానించాలి. ‘పాస్’ అని ఉంటే ఏ డొమైన్‌కు పాస్ అయిందో చూడాలి. మావాడి మెయిల్‌కు మూడూ పాసే, కానీ డొమైన్‌లో కంపెనీ పేరు పక్కన ఒక గీత, ‘కెరీర్స్’ అనే మాట అదనంగా ఉన్నాయి. ఆ డొమైన్‌ను మోసగాడే కొనుక్కున్నాడు.

డబ్బు పోతే మాత్రం ముందు 1930. నేషనల్ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో కూడా ఫిర్యాదు చేయొచ్చు. ఎంత త్వరగా చెబితే బ్యాంకు ఆ డబ్బును ఆపే అవకాశం అంత ఎక్కువ. మనకు కనిపించని లాగిన్ ఐపీ, సమయం మెయిల్ కంపెనీ దగ్గర ఉంటాయి. పోలీసులు చట్టప్రకారం వాటిని అడిగి, ఆ సమయంలో ఆ ఐపీ ఎవరి కనెక్షన్‌కు ఉందో ఇంటర్నెట్ కంపెనీ నుంచి తెలుసుకోగలరు. వీపీఎన్ (అసలు ఐపీని దాచే సేవ) వాడినా, పంపినవాడు విదేశంలో ఉన్నా ఇదీ కష్టమే. అయినా ఆ దారి వాళ్లకే ఉంది, మనకు లేదు. ఈ వివరాలు నమోదయ్యే రికార్డులు, అంటే లాగ్‌లు, ఎల్లకాలం ఉండవు. 2022 ఏప్రిల్‌లో కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ ఇచ్చిన ఆదేశాల్లో వాటిని దాచి ఉంచాలని చెప్పిన గడువు 180 రోజులు.

ఆ మెయిల్‌ను డిలీట్ చేయకండి. ఫార్వర్డ్ చేస్తే అసలు హెడర్ పోతుంది కాబట్టి, ‘షో ఒరిజినల్’ పేజీలోనే ఉన్న ‘డౌన్‌లోడ్ ఒరిజినల్’ నొక్కి ఆ ఫైల్ దాచండి. మూడో రోజు మావాడు స్టేషన్‌కు తీసుకెళ్లింది ఆ ఫైలు, డబ్బు పంపిన యూపీఐ లావాదేవీ నంబరు. మొదటి రోజే తీసుకెళ్లి ఉండాల్సింది.