ఫొటో చూసి వేసిన అమ్మ బొమ్మ: పనితనం ఉంది, జీవకళ లేదు

అమ్మ పోయి మూడేళ్లయింది. హాల్లో పెట్టుకుందామని, ఫొటో చూసి ఆయిల్ పెయింటింగ్ వేసిచ్చే హైదరాబాద్ స్టూడియో ఒకదానికి ఆర్డర్ ఇచ్చాను. 18×24 అంగుళాల కాన్వాస్, ఫ్రేముతో కలిపి 11,500 రూపాయలు. ఐదు వారాలన్నారు, ఐదో వారానికే ఇంటికి వచ్చింది. ప్యాకింగ్‌కి వంక పెట్టలేం.

పనితనం గురించి ముందు చెప్పాలి, ఎందుకంటే అది నిజంగా ఉంది. గద్వాల చీర ఎర్ర అంచు మీద జరీ ఎక్కడ మెరవాలో అక్కడే మెరుస్తోంది, ముక్కుపుడక రాయిలో వెలుగు చుక్క పడింది, అమ్మ గాజుకి ఎప్పుడూ వేలాడే రెండు పిన్నీసుల్ని కూడా వదల్లేదు. కానీ గోడకి తగిలించి రెండడుగులు వెనక్కి వచ్చి చూస్తే అమ్మ నన్ను చూడటం లేదు. పెద్దమ్మ చాలాసేపు నిలబడి "అచ్చం అదే, కానీ అది కాదే" అంది. నాన్న "బాగుందమ్మా" అని వరండాలోకి వెళ్లిపోయారు, మళ్లీ ఆ గోడవైపు చూడలేదు.

స్టూడియో వాళ్లకి ఏమని చెప్పాలో రెండు రోజులు తెలియలేదు. బాలేదంటే అబద్ధం, పోలిక రాలేదన్నా అబద్ధమే. చివరికి పెద్దమ్మే మాట అందించింది, "మొహంలో కళ లేదే" అని. బొమ్మ వేయడాన్నీ కళే అంటాం, మొహంలో వెలుగునీ కళే అంటాం, మొదటిది నిండుగా ఉండి రెండోది రాకపోతే జీవకళ తప్పింది అంటాం. పాటకైతే "సంగీతం ఉంది, భావం లేదు" అంటారు, మరీ విసుగొస్తే గొంతు కసరత్తు అనేస్తారు. త్యాగరాజస్వామి ధన్యాసి రాగంలో "సంగీత జ్ఞానము భక్తి వినా సన్మార్గము గలదే" అని అడిగిందీ ఈ బాధతోనే అని నాకనిపిస్తుంది. పద్యాన్ని పాము చుట్టలా అమర్చే నాగబంధం ఎంత కష్టమో రాసినవాళ్లకే తెలుసు, అయినా సంస్కృత అలంకారికుడు మమ్మటుడు కావ్యప్రకాశంలో ఇలాంటి అక్షరాల అమరికతో మెప్పించే చిత్రకావ్యాన్ని అన్నిటికంటే కింద మెట్టు మీదే పెట్టాడు. ఇక "యాంత్రికంగా ఉంది" అనే మాట నాకు నచ్చదు, అందులో ఆ చిత్రకారుడి చేతి కష్టమంతా కొట్టుకుపోతుంది. జీవకళ తప్పింది అంటే చేసిన పనికి గౌరవం పోదు, రానిదేమిటో మాత్రం తెలుస్తుంది.

సరే, ఎక్కడ తప్పిందో వెతుక్కుంటే కళ్ల దగ్గర దొరికింది. నవ్వు వచ్చే ముందు అమ్మ ఎడమ కన్ను కొంచెం చిన్నదయ్యేది. 1994లో తీసిన ఆ పోస్ట్‌కార్డు సైజు ఫొటోలో అది లీలగా ఉంది, బొమ్మ వేసినాయన దాన్ని ఫొటోలో లోపం అనుకుని రెండు కళ్లూ సమానం చేసేశారు. విగ్రహమంతా చెక్కి కళ్లు చివర్న తెరుస్తారు, దానికి నేత్రోన్మీలనం అని పేరు కూడా ఉంది, ఆ ఒక్క పనిని ఎందుకంత జాగ్రత్తగా చేస్తారో నాకు ఇప్పుడు అర్థమైంది. బాపు గారు రెండు గీతల్లో కన్ను వేసినా ఆ అమ్మాయి ఏదో అనబోతున్నట్టే ఉంటుంది.

ఫోన్ చేసి ఇదంతా చెప్పాను. ఆయన అడ్డు రాకుండా విని, ఇంకేమైనా ఫొటోలున్నాయా అని అడిగారు. అమ్మ చిక్కుడుకాయలు వలుస్తూ మాట్లాడే ఇరవై సెకన్ల వీడియో పంపాను. డబ్బులేమీ అడగకుండా పది రోజుల్లో సరిచేసి పంపారు. ఎడమ కన్ను వచ్చింది, నిజంగా వచ్చింది. పెదాలు ఇంకా బిగుసుకునే ఉన్నాయి.

ఐదుకి మూడున్నర ఇస్తాను. ఆర్డర్ ఇచ్చేవాళ్లు ఒక్క ఫొటోతో ఊరుకోకండి, మనిషి కదిలే వీడియో ఉంటే అది కూడా పంపి, నవ్వితే ఎలా ఉండేవారో ఫోన్లోనైనా సరే ముందే చెప్పండి.