పసిపిల్లల మెడ వాలితే: నూనె రుద్దించడమా, ఫిజియోథెరపీనా?

మా అక్క కొడుక్కి నెల నిండింది. ఒకరోజు నీళ్లు పోస్తూ అమ్మ గమనించింది: తల కుడి భుజం మీదికి వాలుతోంది, గడ్డం మాత్రం ఎడమకు తిరుగుతోంది. మెడ కుడిపక్కన రేగుపండంత గట్టి ఉండ వేలికి తగిలింది. దేవరకొండలో మా ఇంట్లో ఇక రెండు పార్టీలు. "పక్కూరి అవ్వ దగ్గర రుద్దిద్దాం" అని అమ్మ, "నల్లగొండ పోయి పిల్లల డాక్టర్‌కు చూపిద్దాం" అని బావ. అక్కకు ఎత్తుకోవడం రాకనే ఇలా అయిందని వాడకట్టు తీర్పు కూడా వచ్చేసింది. అది ఉత్తమాట. కడుపులో చోటు ఇరుకైనా, కాన్పు కష్టమైనా ఇలా రావచ్చు.

నూనె రాస్తే పిల్లాడు హాయిగా నిద్రపోతాడు, కాదనను. కానీ చెవి వెనక నుంచి ఛాతీ ఎముక దాకా దిగే కండరం బిగుసుకుపోతే నూనె దాన్ని సాగదీయదు. ఉండను పిసకడం, మెడను టక్కున తిప్పడం అయితే అసలు వద్దు. ఆ ఉండ చాలామందిలో కొన్ని నెలలకు దానంతటదే కరిగిపోతుంది.

నా ఓటు ఫిజియోథెరపీకే. ముందు డాక్టర్ చూసి, తుంటి కీళ్లు కూడా పరీక్షిస్తారు. తర్వాత వ్యాయామం బిడ్డ తల్లికే నేర్పిస్తారు: భుజం కదలకుండా పట్టుకుని, తలను మెల్లగా రెండో పక్కకు వంచడం, గడ్డాన్ని వాలిన వైపుకు తిప్పడం. రోజుకు చాలాసార్లు, ఓపికగా. మేము తొట్టెలలో తల పెట్టే దిక్కు కూడా మార్చాం. అప్పటిదాకా వాకిలి వాడికి ఎడమన ఉండేది, వెలుతురు కోసం అటే చూసేవాడు. ఇప్పుడు కుడికి తిరగాల్సిందే. మెలకువగా ఉన్నప్పుడు కాసేపు బోర్లా వేస్తాం. మూడు నెలల లోపు మొదలుపెడితే చాలామందికి ఆపరేషన్ అవసరం రాదు. ఏడాది దాటినా మెడ తిరగకపోతేనే దాని మాట.

పెద్ద పిల్లల లెక్క వేరు. రాత్రి బాగానే ఉండి పొద్దున మెడ పట్టేస్తే కాస్త వేడి కాపడం, నొప్పి మాత్ర సరిపోవచ్చు. రెండు మూడు రోజుల్లో సడలుతుంది. జ్వరంతో చొంగ కారుతూ మింగలేకపోయినా, దెబ్బ తగిలినా, తలనొప్పి, వాంతులు, తూలుడు ఉన్నా అర్ధరాత్రైనా ఆసుపత్రికే. వాంతులకు వేసిన మందు వల్ల కూడా ఒక్కోసారి మెడ మెలిపడుతుంది, వేసిన మందు చీటీ వెంట తీసుకెళ్లండి. టీవీ చూసేటప్పుడే తల వంచే పిల్లను మాత్రం కళ్ల డాక్టర్‌కు చూపించండి. అక్కడ తప్పు మెల్లకన్నుది కావచ్చు.