లైనక్స్ అడ్మిన్ క్లాసు: అందరికీ ఒకే సర్వరా, ఎవరి వర్చువల్ మెషీన్ వాళ్లకా?

ఒకే సర్వర్‌లో అందరికీ అకౌంట్లు ఇస్తే టీచర్‌కి పని తేలిక. ఫైలు అనుమతుల్లో 640కీ (బయటివాళ్లు చదవలేరు) 644కీ (అందరూ చదవగలరు) తేడా ఏమిటో పక్కవాళ్ల ఫైలు తెరవబోయినప్పుడే పిల్లలకి తెలిసిపోతుంది. కానీ రూట్ (అన్ని హక్కులూ ఉన్న అకౌంట్) పాస్‌వర్డ్ ఇవ్వలేం కదా! అది లేకుండా అడ్మిన్ పని నేర్పడమంటే గట్టున కూర్చోబెట్టి ఈత నేర్పినట్టే.

వర్చువల్ మెషీన్‌లో, అంటే ల్యాప్‌టాప్ లోపలే సాఫ్ట్‌వేర్‌తో నడిచే మరో కంప్యూటర్‌లో, విద్యార్థే రూట్. ఎఫ్‌స్టాబ్‌లో (బూట్ అయ్యేటప్పుడు ఏ డిస్కులు జోడించాలో చెప్పే ఫైలు) డిస్క్ యూయూఐడీ (దాని గుర్తింపు కోడ్) ఒక్క అక్షరం తప్పు పడుతుంది. రీబూట్ చేస్తే సిస్టమ్‌డీ (లైనక్స్‌ని మొదలుపెట్టే ప్రోగ్రామ్) ఆ డిస్క్ కోసం 90 సెకన్లు ఎదురుచూసి, మరమ్మతు కోసం ఉండే ఎమర్జెన్సీ మోడ్‌లో ఆగిపోతుంది. మొదట టెన్షన్. తర్వాత జర్నల్ (సిస్టమ్ లాగ్) చదివి, ఆ లైను సరిచేసి, మళ్లీ బూట్ చేస్తారు. ఆ పావుగంట నేర్పింది ఏ స్లైడూ నేర్పలేదు. మరీ పాడైతే, మెషీన్ బాగున్నప్పుడు దాచుకున్న కాపీ, అంటే స్నాప్‌షాట్, ఉండనే ఉంది.

నా ఓటు వర్చువల్ మెషీన్‌కే. 4 జీబీ ర్యామ్ ల్యాప్‌టాప్‌లు మొరాయిస్తాయి, నిజమే. వాటిలో డెస్క్‌టాప్ లేని డెబియన్ (లైనక్స్‌లో ఒక రకం) పెట్టిస్తాను.